మనసు కొలతలు ఎవరికి చెందాలి?

మనోవైద్యుని వద్దకు వచ్చి, మందుచీటీ తీసుకుని, ఇంటికి వెళ్ళిపోయే ఓపీ రోగిని ఆ వైద్యుడు చూసేది కొద్దిసేపే. తక్కిన జీవితమంతా ఇంట్లో, కొలువులో, నలుగురి మధ్య గడుస్తుంది. వైద్యునికి కనబడని ఆ మనిషిని తెలుసుకోవడానికి మూర్తిమత్వ పరీక్షలు పనికివస్తాయా? వస్తాయనే నా అభిప్రాయం, ఒక్క షరతు మీద. ఫలితం ముందుగా రోగికి అందాలి.

ఇటువంటి పరీక్షలలో మిక్కిలి పేరుపొందిన ఎమ్.ఎమ్.పి.ఐ. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పుట్టింది. హాథవే అనే మనస్తత్వవేత్త, మెకిన్లీ అనే వైద్యుడు కలిసి 1940ల ఆరంభంలో దీన్ని వెలువరించారు. 1989 నాటి సవరించిన ప్రతిలో 567 వాక్యాలున్నాయి. ఒక్కొక్కదానికి నిజమనో, కాదనో జవాబివ్వాలి. తనను మరీ మంచివాడిగా చూపుకోబోయేవారిని పసిగట్టే ఏర్పాటు కూడా అందులో ఉంది.

మరి ఈ కొలబద్దకు 'మామూలు మనిషి' ఎవరు? మొదట ఎంచుకున్నవారిలో అధికులు ఆ విశ్వవిద్యాలయపు ఆసుపత్రికి రోగులను చూడవచ్చిన బంధుమిత్రులే. వారు మిన్నెసోటా ప్రాంతపు శ్వేతజాతీయులు, సగటున ఎనిమిదేళ్ళు చదివినవారు. 1989లో అమెరికాలోని వేరువేరు ప్రాంతాలనుంచి 2,600 మందిని కొత్తగా తీసుకున్నారు. అయినా ప్రతి కొలబద్దకూ ఒక ఊరూ, ఒక కాలమూ ఉంటాయి. నలుగురూ ఏమనుకుంటారోనన్న బెదురు మన ఇళ్ళలో పెంపకంలోనే వస్తుంది. అది జబ్బో, మర్యాదో ఏ అంకె చెప్పగలదు? ఆ మనిషినే అడగాలి.

అడిగితే మేలు జరుగుతుందనడానికి ఆధారం ఉంది. 1992లో ఫిన్, టాన్సేజర్ అనే పరిశోధకులు మానసిక చికిత్స కోసం ఎదురుచూస్తున్న కళాశాల విద్యార్థులలో 32 మందికి ఇదే పరీక్ష ఫలితాలను వివరించి, వారితో చర్చించారు. మరి 29 మందితో మాటలాడారే గాని ఫలితాలు చెప్పలేదు. మొదటివారిలో ఆత్మగౌరవం పెరిగింది, మనోవేదన తగ్గింది. చిన్న పరిశీలనే కావచ్చు, తోసిపుచ్చదగినది మాత్రం కాదు.

మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి తన వైద్యపత్రాలు చూసే హక్కునిచ్చింది. కానీ పత్రం చేతికిచ్చినంత మాత్రాన అందులోని అంకె అర్థం కాదు. ఎదురుగా కూర్చుని, "పరీక్ష ఇలా అంటోంది, మీరేమంటారు?" అని అడిగే తీరిక ఉండాలి. ఆ తీరిక లేనిచోట పరీక్ష పెట్టడం రోగి పేరు పక్కన ఒక ముద్ర వేయడమే. అంతకన్నా ఆ సమయాన్ని అతని మాట వినడానికి కేటాయించడం నయం.