ఎముకను నిలుపు చేతులకు నిలకడ యేది?

ట్రాక్‌మాన్, పాయింట్స్‌మాన్, షంటింగు సిబ్బంది, ఊరూర తిరుగు పోస్టుమాన్, ఆర్.ఎం.ఎస్.లో సంచులు మోయు సోదరులు, వీరందరి జీవనోపాధి కాలుసేతుల సత్తువపై ఆధారపడియున్నది. కాలు విరిగిననాడు మనము సర్జనుగారి పేరు అడుగుదుము. ఆయన ప్రక్కన నిలుచు టెక్నాలజిస్టును అడుగువారు అరుదు.

తొడ ఎముకలో కడ్డీ అమర్చు శస్త్రచికిత్సనే తీసికొందము. రోగిని ట్రాక్షన్ బల్లపై సరిగా అమర్చి, ఒత్తిడిపడు చోట్ల మెత్తలు ఉంచుటకు థియేటరు టెక్నాలజిస్టు తోడ్పడును. కడ్డీలు, ప్లేట్లు, స్క్రూలు, డ్రిల్లు కొలతలవారీగా సిద్ధపరచుట, ఆటోక్లేవ్‌లో అవి శుద్ధియైనవని సూచికను చూచి నిర్ధారించుట కూడ ఆయన బాధ్యతలోనివే. మోకాలి చికిత్సలో టూర్నికే బిగించినప్పుడు కాలమును లెక్కించి సర్జనును హెచ్చరించవలెను. సుమారు రెండు గంటలు మించినచో నరములకు, కండరములకు ప్రమాదము. సీ-ఆర్మ్ ఎక్స్‌రే యంత్రమును నడుపు రేడియోగ్రాఫరు సరియైన కోణమున బొమ్మ చూపినగాని స్క్రూ ఎచటికి పోవుచున్నదో తెలియదు.

ఇందేది లోపించినను ఫలితము రోగి అనుభవించును. ఎముకలోనికి క్రిములు చేరినచో నెలల తరబడి మందులు, మరల శస్త్రచికిత్స, ఒక్కొక్కప్పుడు అవయవమునకే ముప్పు. మెడికల్ డీకేటగరైజేషన్ అనగా నేమో రైల్వే కార్మికునకు వేరుగా చెప్పనక్కరలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఉద్యోగమును, హోదాను కాపాడును. పోయిన కాలి సత్తువను తెచ్చియీయదు.

యంత్రమును ఎవరైనను నడుపగలరని, కాంట్రాక్టుపై మనిషిని తెచ్చిన ఖర్చు తగ్గునని యాజమాన్యములు వాదించుచుండును. నెలకొకరు మారు చోట సర్జను చేతి తీరు, పనిముట్ల వరుస ఎవరికి అలవడును? అనుభవమునకు కాంట్రాక్టరు బిల్లులో పద్దు లేదు. వికిరణము సంగతి మరియొకటి. అణుశక్తి నియంత్రణ మండలి కార్మికునకు విధించిన పరిమితి అయిదేండ్ల సగటున ఏటికి 20 మిల్లీసీవర్టులు. ఏ ఒక్క యేడును 30 మించరాదు. బ్యాడ్జీ లేని కాంట్రాక్టు కార్మికుని శరీరము గ్రహించిన మోతాదును ఎవరు లెక్కింతురు?

2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టము ఆపరేషన్ థియేటరు టెక్నాలజిస్టులను వృత్తినిపుణులుగా గుర్తించి, చదువునకు ప్రమాణములు, పేర్ల నమోదునకు రాష్ట్ర కౌన్సిళ్లు ఏర్పరచినది. దీనిని మేము స్వాగతించుచున్నాము. అయితే రిజిస్టరులో పేరెక్కినంత మాత్రమున ఖాళీ పోస్టు నిండదు, జీతము పెరగదు. ఆ పని పోరాటము చేయవలసినదే.

మన డిమాండ్లే తీరకుండ ఇతరుల గోడు మనకెందుకని కొందరు మిత్రులు అడుగవచ్చును. వారి ఖాళీ పోస్టే మన శస్త్రచికిత్స వాయిదా అని మా సమాధానము.

కావున బ్రాంచి కార్యదర్శులకు మా విజ్ఞప్తి: రైల్వే మిత్రులు రాబోవు పి.ఎన్.ఎం. సమావేశమున మంజూరైన థియేటరు, రేడియోగ్రఫీ పోస్టులెన్ని, ఖాళీలెన్ని, కాంట్రాక్టువారెందరు, బ్యాడ్జీలు ఎందరికిచ్చిరి అని వ్రాతపూర్వకముగా అడుగవలెను. పోస్టల్ మిత్రులు సి.జి.హెచ్.ఎస్. జాబితాలోని ఆసుపత్రులలో శిక్షణ పొందిన సిబ్బందినే నియమించవలెనను కోరికను జె.సి.ఎం. వేదికపై ఉంచవలెను. ఆ టెక్నాలజిస్టులను మన సభలకు పిలిచి, వారి మాట వినుటతో ఈ పని ఆరంభింతము.