సంపాదకుని మాట: బురదనేలకు పెద్దదిక్కు



ఈ సంచికను అమెరికా ఎలిగేటర్‌కు కేటాయించాం. మొసలి జాతి అనగానే మనకు కోరలే గుర్తొస్తాయి. మా రచయితలందరినీ కదిలించింది మాత్రం దాని సంరక్షణ గుణం. గుడ్లలోంచి పిల్లల అరుపు వినగానే తల్లి గూడు తవ్వి, వాటిని నోట కరుచుకుని నీటికి చేరుస్తుంది. ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్‌లో నీళ్లు ఇంకిపోయే కాలంలో ఎలిగేటర్లు తవ్విన గుంటలే చేపలకూ తాబేళ్లకూ పక్షులకూ ఆధారం.

గూటి వేడి 30 డిగ్రీల దగ్గరుంటే ఆడపిల్లలు, 33 దగ్గరుంటే ఎక్కువగా మగపిల్లలు పుడతాయి. భూమి వేడెక్కుతున్న ఈ రోజుల్లో ఆ తూకం చెదరవచ్చు. అందుకే ఇప్పుడీ సంచిక.

అయినా నిరాశ వద్దు. 1967లో అంతరించే జీవుల జాబితాకెక్కిన ఎలిగేటర్, వేటను అరికట్టాక 1987 నాటికి పూర్తిగా కోలుకుంది. మన మంజీర నదిలోని మొసళ్లకూ అంతటి శ్రద్ధ దక్కాలి. చదివి, మీ మాట రాయండి.

– సంపాదకులు