బురద వరద – బడిపిల్లలు

అగ్నిపర్వతమనిన వెంటనే మనకు స్ఫురించునది నిప్పు. కాని మంచు కప్పిన అగ్నిపర్వతముల క్రింద కాపురముండు జనులకు నిప్పుకంటె బురద యెక్కువ ప్రాణాంతకము. కొండవేడికి కరగిన మంచు బూడిదతోను, రాళ్లతోను, మన్నుతోను కలిసి, తడి సిమెంటువలె చిక్కనై ఏటిలోయ వెంట పరుగిడును. జావా ప్రజలు దీనిని లహారు అందురు. శాస్త్రజ్ఞులును ఆ పేరే గ్రహించిరి. అది మీదికి వచ్చిన పిమ్మట పరుగెత్తి తప్పించుకొనుట దుర్లభము. రాకమున్నే మెరకకు చేరుటయే యుపాయము.

కొలంబియా దేశమందలి ఆర్మెరో పట్టణము ఈ పాఠమునకు చెల్లించిన మూల్యము లోకమెరిగినదే. 1985 నవంబరు 13వ తేదీ రాత్రి 9 గంటలు దాటిన పిమ్మట నెవాడో దెల్ రూయిజ్ పర్వతము పేలెను. బురద ఆ పట్టణమునకు చేరుటకు సుమారు రెండున్నర గంటలు పట్టెను. నడిచి చేరదగిన దూరములోనే మెరకయు నుండెను. ఆ యూరు అపాయస్థలమని చూపు పటము నెల దినములకు ముందే వెలువడి యుండెను. 1845లో అట్టి వరదయే ఆ చోట సుమారు వేయిమందిని పొట్టబెట్టుకొనెను. అయినను, ఆనాటి మధ్యాహ్నము బూడిద రాలుచుండగా ప్రజలకు అందిన మాట యేమి? భయపడవలదు, ఇండ్లయందే యుండుడని! ఊరి జనాభా సుమారు 29,000. వారిలో సుమారు 20,000 మంది ఆ రాత్రి మరణించిరి. వారిని చంపినది కొండ యొక్కటియే కాదు. పటమును పెట్టెలో నుంచిన యుపేక్షయు వారిని చంపినది.

అమెరికాలోని వాషింగ్టను రాష్ట్రమున, 14,410 అడుగుల యెత్తుగల రైనియర్ కొండ దిగువను, ఆర్టింగ్ అను చిన్న పట్టణమున్నది. సుమారు 500 ఏండ్ల క్రిందట ఆ కొండ పడమటి చరియ విరిగి పారిన బురదమేటమీదనే ఆ యూరు నిలిచినది. ఆ వరదకు ముందు కొండ పేలినట్లు గట్టి యానవాలు లేదు. కావున బూడిద రాలి ముందుగా హెచ్చరించునను నమ్మకమునకును చోటులేదు. 1998 మొదలుకొని లోయలలో యంత్రములను నెలకొల్పిరి. అవి నేల యదురును పసిగట్టి వార్త నందించును. అటుపిమ్మట ఊరివారి చేతనుండునది సుమారు ఒక గంట కాలము మాత్రమే. 2024 మార్చి 21వ తేదీన ఆ ప్రాంతపు 5 విద్యామండలములకు చెందిన సుమారు 45,000 మంది విద్యార్థులు తరలింపు అభ్యాసమున పాల్గొనిరి. ఆర్టింగ్ పిల్లలు సుమారు 2 మైళ్లు కాలినడకను మెరకకు పోయిరి.

ఎన్నడో వచ్చు వరదకై పాఠములు మాన్పి పసివారిని నడిపింపనేల యని కొందరనవచ్చును. దీనికి మా సమాధానమిది. లోయలో ఇల్లు కట్టుకొన్నవాడు తన యిష్టముచే కట్టుకొనెను. బడి సంగతి యట్లు కాదు. బిడ్డను చదివింపవలెనని చట్టము శాసించును. కూర్చుండు గదిని అధికారులు నిర్ణయింతురు. లేచిపోవుటకు ఉపాధ్యాయుని యనుమతి కావలెను. ఆస్పత్రిలోని రోగియు, చెరసాలలోని ఖైదీయు తమంతట తాము కదలజాలరు. లోనికి రప్పించిన అధికారమునకు బయటికి దారి చూపు బాధ్యత తప్పదు. ఇది దయ కాదు, ధర్మము.

ఆ బాధ్యత కాగితముమీది యేర్పాటుతో తీరదు. ఏ తరగతి ఏ త్రోవను పోవలెనో పిల్లలకు కాళ్లకే తెలియవలెను. మెరకమీద పేర్లు పిలిచి లెక్క చూచుకొనవలెను. నడువలేని బిడ్డకును, మంచము దిగలేని వృద్ధునికిని ఎవరు తోడో ముందే నిర్ణయింపవలెను. బిడ్డలకొరకు బండ్లపై ఎదురుగా పరుగెత్తవలదని తలిదండ్రులకు నచ్చజెప్పవలెను. ఏలయన, త్రోవలు క్రిక్కిరిసినచో అందరును చిక్కుకొందురు. ఇకమీద కట్టు బడులను, ఆస్పత్రులను మెరకననే కట్టవలెను.

ఇట్టి శ్రమ వృథాపోదు. న్యూజీలాండులో 1953 డిశంబరు 24వ తేదీ రాత్రి రువాపెహు కొండ సరస్సునుండి వచ్చిన బురద రైలు వంతెనను కూల్చగా 151 మంది మరణించిరి. 2007 మార్చి 18వ తేదీన అదే యేట మరల బురద వచ్చెను. ఈసారి హెచ్చరించు యంత్రములు సిద్ధముగా నుండెను. రోడ్డును రైలును ఆపివేసిరి. ఒక్క ప్రాణమును పోలేదు. కొండ మారలేదు, ఏరు మారలేదు. మారినది మనుష్యుల ముందుచూపు. మంచుకొండల దిగువ బడులు నడుపు ప్రభుత్వములన్నియు ఈ రెండు తేదీలను ప్రక్కప్రక్కన వ్రాసి యుంచుకొనుగాక.