సుంకం ఎవరి మీద పడుతుంది?

మా పెద్దమ్మ కూతురు జర్మనీలో ఎం.ఎస్. చేస్తోంది. సంక్రాంతికి వచ్చినప్పుడు నాకో టీషర్టు తెచ్చింది. ఫారిన్ టీషర్టు అని హాస్టల్లో కాస్త బిల్డప్ ఇచ్చాను. మెడ దగ్గర లేబుల్ చూస్తే ‘మేడ్ ఇన్ శ్రీలంక’. అందరూ ఆడుకున్నారు నన్ను. పక్కనున్న దేశంలో కుట్టిన బట్ట యూరప్ దాకా వెళ్లి మళ్లీ అనకాపల్లి ఎందుకొచ్చిందా అని వెతికితే ‘జీఎస్‌పీ ప్లస్’ అనే మాట తగిలింది. తెలుగులో ఏమంటారని మా క్లబ్ సీనియర్‌ని అడిగితే ‘సుంకం రాయితీ’ అన్నారు. బాగుంది, అదే వాడతాను.

సంగతి ఏంటంటే, బయటి దేశం టీషర్టు యూరోపియన్ యూనియన్‌లోకి వెళ్లాలంటే మామూలుగా 12 శాతం సుంకం. వర్ధమాన దేశాలకు ఇచ్చే మామూలు రాయితీతో 9.6 శాతం. జీఎస్‌పీ ప్లస్ ఉంటే సున్నా. దానికి బదులుగా ఆ దేశం మానవ హక్కులు, కార్మిక హక్కులు, పర్యావరణం లాంటి విషయాల మీద 27 అంతర్జాతీయ ఒప్పందాలను అమలు చేయాలి. చేయకపోతే రాయితీ తీసేస్తారు. సీఎస్ఈ వాళ్లకి ఇది వెంటనే నచ్చేస్తుంది, పక్కా ఇఫ్-ఎల్స్ కాబట్టి. నాకూ మొదట నచ్చింది.

శ్రీలంకకి నిజంగానే తీసేశారు. అక్కడ యుద్ధం 2009 మేలో ముగిసింది. చివరి నెలల్లో వేలమంది తమిళ పౌరులు చనిపోయారు. సైన్యానికి లొంగిపోయిన వాళ్లలో చాలామంది ఏమయ్యారో వాళ్ల ఇళ్లవాళ్లకి ఇప్పటికీ తెలీదు. పౌరహక్కులు, చిత్రహింసల నిషేధం, బాలల హక్కుల ఒప్పందాలు మూడూ సరిగ్గా అమలు కావట్లేదని ఈయూ విచారణలో తేలింది. రాయితీ కొనసాగాలంటే ఇవి చేయండని 2010లో 15 షరతులు పంపారు. మా దేశం సంగతి మీకెందుకన్నట్టు మహింద రాజపక్స ప్రభుత్వం తిరస్కరించింది. ఆ ఆగస్టు 15న రాయితీ పోయింది.

తర్వాత ఏమైంది? రాజపక్స 2015 జనవరి దాకా కుర్చీలోనే ఉన్నారు. రాయితీ తీసేశాక ఈయూ చేతిలో ఇక బేరం ఆడ్డానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. సుంకం పడింది మాత్రం కటునాయక లాంటి ఎగుమతి జోన్లలో ఆడవాళ్లు కుట్టిన బట్టల మీద.

కటునాయక గురించి చదువుతుంటే ఇంకోటి తెలిసింది. రాయితీ పోయి ఏడాది కూడా కాకముందే, 2011లో, ప్రభుత్వం ప్రైవేటు ఉద్యోగుల పెన్షన్ బిల్లు తెచ్చింది. కటునాయక కార్మికులు రోడ్డెక్కారు. పోలీసులు కాల్పులు జరిపారు. ఓ యువ కార్మికుడు చనిపోయాడు. ప్రభుత్వం ఆ బిల్లును వెనక్కి తీసుకుంది. అంటే ఈయూ పంపిన 15 షరతులకి కదలని ప్రభుత్వం వీళ్లకి కదిలింది. హక్కుల కోసం వేసిన శిక్ష, హక్కుల కోసం తూటా తిన్నవాళ్ల జీతం మీదే పడుతోంది కదా! ఇక్కడే నా ఇఫ్-ఎల్స్ ఎగిరిపోయింది.

ఇది నాకు ఎందుకంత గట్టిగా తగిలిందంటే, మా ఎదురింటి పిన్ని అచ్యుతాపురం సెజ్‌లో బట్టలు కుడుతుంది. శ్రీలంక కంపెనీ బ్రాండిక్స్ పెట్టిన అపెరల్ సిటీ కూడా అక్కడే ఉంది. ఆర్డర్లు తగ్గితే ఏమవుతుందని పిన్నిని అడిగాను. “ముందు ఓటీ తీసేస్తారమ్మా. పిల్లల ఫీజులు కట్టేది ఆ డబ్బుల్తోనే కదా” అంది.

అలాగని రాయితీలు ఇచ్చేసి ఏమీ అడగొద్దు అంటే నేను ఒప్పుకోను. 2017 ఫిబ్రవరిలో కిలినొచ్చిలో తమిళ తల్లులు మాయమైన పిల్లల ఫొటోలు పట్టుకుని రోడ్డు పక్కన దీక్షకి కూర్చున్నారు. వాళ్లకి జవాబు రాలేదు కానీ, మూడు నెలల్లో కొత్త ప్రభుత్వానికి రాయితీ తిరిగొచ్చింది. ఉగ్రవాద నిరోధక చట్టాన్ని మారుస్తామని ఆ ప్రభుత్వం మాటిచ్చింది. 1979 నాటి ఆ చట్టం కింద పోలీసు అధికారి ముందు ఒప్పుకున్నది కూడా కోర్టులో సాక్ష్యమే. ఎలా ఒప్పిస్తారో మనకి తెలీనిది కాదు. ఏళ్లు గడిచినా మాట నిలబెట్టుకోలేదు. 2021 జూన్‌లో రాయితీ మళ్లీ ఆపే సంగతి చూడమని యూరోపియన్ పార్లమెంటు తీర్మానించింది. అప్పుడు కదలిక వచ్చింది. 2022 మార్చిలో చట్టం సవరించి, విచారణ లేకుండా నిర్బంధించే గడువు 18 నెలల నుంచి 12కి తగ్గించారు. చాలా చిన్న మార్పే. కానీ తీసేసినప్పటి కంటే, తీసేస్తామన్నప్పుడే ఎక్కువ పని జరిగింది.

వీళ్లెవరు అడగడానికి అనే అనుమానం న్యాయమే. 2019 జూన్‌లో అమెరికా మన దేశానికి ఇలాంటి రాయితీ తీసేసింది హక్కుల కోసం కాదు, వాళ్ల సరుకుకి మన మార్కెట్ సరిగ్గా తెరవలేదని. అందుకే షరతులు వ్యాపారుల పక్కన కూర్చుని రాయకూడదు. కిలినొచ్చి తల్లుల్నీ కటునాయక యూనియన్లనీ అడిగి రాయాలి. ఏ చట్టం, ఏ తేదీలోగా మార్చాలో ఉండాలి. శిక్ష వేయాల్సి వస్తే ఆర్డర్లు ఇచ్చినవాళ్ల వీసాలు, బ్యాంకు ఖాతాల మీద వేయాలి. 2023 జనవరిలో కెనడా రాజపక్స సోదరులు మహింద, గోటబయలతో పాటు ఇద్దరు సైనికుల మీద అలాంటి ఆంక్షలే పెట్టింది. దానివల్ల ఎవరి ఓటీ పోలేదు.

మా రూమ్మేట్ ఒప్పుకోవట్లేదు. కెనడా వీసా రాకపోతే రాజపక్సలకి పోయేదేముంది అంటోంది. వచ్చే సంచికలో రాయమని చెప్పాను.