అతుకుల ఓడ

1942 మే 27. హవాయి దీవుల్లోని పెర్ల్ హార్బర్‌కి ఓ పెద్ద ఓడ చేరింది. దారి పొడుగునా నీళ్లమీద చమురు కారుస్తూ వచ్చింది. పేరు యార్క్‌టౌన్. విమానాలను మోసుకెళ్లే అమెరికా యుద్ధనౌక. అంతకు 19 రోజుల ముందు ఆస్ట్రేలియాకు ఈశాన్యంగా ఉన్న కోరల్ సముద్రంలో జపాన్ విమానం వేసిన 250 కిలోల బాంబు దాని డెక్కును చీల్చుకుని అంతస్తులు దాటి కిందికి దిగి పేలింది. చనిపోయినవాళ్లు, తీవ్రంగా గాయపడినవాళ్లు కలిపి 66 మంది. పక్కన నీళ్లలో పడిన బాంబుల అదురుకి చమురు ట్యాంకుల అతుకులు ఊడిపోయాయి. బాగుచేయడానికి 90 రోజులైనా పడుతుందని అంచనా వేశారు.

మర్నాడు ఓడను డ్రైడాక్‌లోకి ఎక్కించారు. నీళ్లు పూర్తిగా తోడకముందే పసిఫిక్ నౌకాదళాధిపతి చెస్టర్ నిమిట్జ్ పొడుగు రబ్బరు బూట్లు తొడుక్కుని దిగాడు. ఓడ అడుగంతా తిరిగి చూశాడు. మూడు రోజుల్లో ఇది తనకు కావాలన్నాడు. అంతే, ఇంకో మాట లేదు.

అంత తొందర ఎందుకంటే, ఆ రేవులోనే ఓ నేలమాళిగలో జోసెఫ్ రోష్‌ఫోర్ట్ అనే అధికారి, ఆయన మనుషులు రాత్రీ పగలూ కూర్చుని జపాన్ నౌకాదళం రహస్య సందేశాలను విప్పుతున్నారు. వాటిలో మాటిమాటికీ ‘ఏఎఫ్’ అని వస్తోంది. జపాన్ దాడి చేయబోయేది అక్కడే. అది పసిఫిక్ నడిమధ్యనున్న మిడ్‌వే దీవే అని రోష్‌ఫోర్ట్ నమ్మకం. వాషింగ్టన్‌లోని పెద్దలకు మాత్రం అనుమానం. అప్పుడో చిన్న ఎత్తు వేశారు. మా దగ్గర మంచినీళ్లు తయారుచేసే యంత్రం పాడైపోయిందంటూ మిడ్‌వే నుంచి అందరికీ అర్థమయ్యే మామూలు భాషలో రేడియో సందేశం పంపించారు. ఎంతో కాలం పట్టలేదు. ఏఎఫ్‌లో మంచినీళ్లకు కటకటగా ఉందని జపాన్ వాళ్లు తమలో తాము చెప్పుకోవడం వీళ్ల చెవిన పడింది! కొళాయి ఎండిపోయిందని వాకిట్లో నిలబడి అరిచి, ఆ మాట ఏ ఇంటిదాకా పాకిందో వినడం లాంటిదన్నమాట.

చోటు తెలిసింది. రోజు కూడా తెలిసింది. తెలిసి ఏం లాభం, ఎదురు నిలవడానికి ఓడలేవి? లెక్సింగ్టన్ కోరల్ సముద్రంలోనే మునిగిపోయింది. సారటోగా అమెరికా పడమటి తీరం నుంచి ఇంకా రాలేదు. ఉన్నవి ఎంటర్‌ప్రైజ్, హార్నెట్ రెండే. అవతల అడ్మిరల్ నగుమో నాలుగు విమాన వాహక నౌకలతో వస్తున్నాడు. యార్క్‌టౌన్ కావాల్సిందే.

సుమారు 1,400 మంది పనివాళ్లు దాని మీద పడ్డారు. వెల్డింగ్ యంత్రాలకు కరెంటు చాలకపోతే హోనలులులో కొన్ని పేటలకు వంతులవారీగా కోత పెట్టారు. నమూనాలు గీసే తీరిక లేదు. చిల్లు ఎంతుందో అక్కడికక్కడే కొలిచి, ఉక్కు పలక కోసి అతికించడమే. కూలిన గోడల దగ్గర దుంగలు దన్నుపెట్టారు. అది మరమ్మతు అనడం కన్నా చిరిగిన గోనెసంచికి కుట్లు వేయడం అనడమే నయం. కోరల్ సముద్రంలో దెబ్బతిన్న విమాన దళాల స్థానంలో సారటోగా వదిలివెళ్లిన దళాలను తెచ్చి ఎక్కించారు. మే 30 ఉదయం యార్క్‌టౌన్ బయల్దేరింది.

అదే సమయంలో జపాన్‌లో ఏం జరిగిందో చూడాలి. కోరల్ సముద్రంలో పోరాడిన జుయికాకు అనే ఓడకు చిన్న గీత కూడా పడలేదు. వానజల్లు చాటున తప్పించుకుంది. అయితే విమానాలు, పైలట్లు బాగా తగ్గిపోయారు. బాంబులు తిని మూలపడిన జోడీ ఓడ షోకాకు పైలట్లను ఇందులోకి మార్చి ఉంటే ఎంతో కొంత పని జరిగేదే. కానీ ఏ ఓడ పైలట్లు ఆ ఓడకే అన్నది అక్కడి పద్ధతి. యార్క్‌టౌన్ ఎలాగూ మునిగిపోయిందని వాళ్ల నమ్మకం. ఇక తొందరేముంది? నిక్షేపంలాంటి ఓడ స్వదేశంలోనే ఉండిపోయింది.

మరో ముచ్చట. మిడ్‌వే దాడికి ముందు జపాన్ అధికారులు యమాటో నౌకలో పాచికలు వేసి బల్లమీద యుద్ధం ఆడి చూశారు. ఆ ఆటలో అమెరికా విమానాలు తొమ్మిది బాంబులతో అకాగి, కాగా నౌకలను ముంచేశాయి. అడ్మిరల్ ఉగాకి ఒప్పుకోలేదు. తొమ్మిదిని మూడు చేయించాడు. మునిగిన కాగా కూడా తర్వాతి ఆటకల్లా తేలింది! పెర్ల్ హార్బర్ దాడికి నాయకత్వం వహించిన ఫుచిడా ఇదంతా తర్వాత రాసుకొచ్చాడు. ఒక ఓడను పెర్ల్ హార్బర్‌లో వెల్డర్లు లేపితే ఇంకో ఓడను కాగితం మీద లేపేశారు.

విశాఖపట్నం, కాకినాడల్లో పాతతరం వాళ్లు జపాన్ బాంబుల గురించి చెప్పేవారు. 1942 ఏప్రిల్ 6న ఆ బాంబులు వేసిన విమానాలు ర్యూజో అనే నౌక మీంచి లేచినవి. జూన్ మొదట్లో అదెక్కడుంది? అడ్మిరల్ యమమోటో దాన్ని ఉత్తరాన అలాస్కా దగ్గర డచ్ హార్బర్ మీదికి పంపాడు. అసలు పోరు జరిగేచోట అది కూడా లేదు.

జూన్ 4 ఉదయం. ముందుగా అమెరికా టార్పెడో విమానాలు వెళ్లి కుప్పకూలాయి. హార్నెట్ నుంచి వెళ్లిన 15 విమానాల్లో ఒక్కటీ తిరిగిరాలేదు. 30 మందిలో బతికింది ఒక్కడు. అయితే వాటిని తప్పించుకునే హడావిడిలో జపాన్ ఓడలకు తమ విమానాలను ఎదురుదాడికి పంపే తీరిక చిక్కలేదు. 10.20 దాటాక పైనుంచి డైవ్ బాంబర్లు దిగాయి. ఎంటర్‌ప్రైజ్ విమానాలు కాగా, అకాగిల మీద పడ్డాయి. సోర్యూ మీద పడినవి యార్క్‌టౌన్‌వి. కొన్ని నిమిషాల్లో మూడూ అంటుకున్నాయి.

మిగిలింది హిర్యూ. మధ్యాహ్నం దాని విమానాలు యార్క్‌టౌన్‌ను పట్టుకుని మూడు బాంబులు వేశాయి. ఓడ ఆగిపోయింది. సిబ్బంది మంటలార్పి, డెక్కు చిల్లులు పూడ్చి, బాయిలర్లు రాజేశారు. రెండు గంటలైనా కాకముందే మళ్లీ కదిలింది. రెండో దాడికి వచ్చిన జపాన్ పైలట్లు దాన్ని చూసి ఇది వేరే ఓడ అనుకున్నారు. వాళ్ల నాయకుడు తొమొనాగా ఉదయం దాడిలో ఇంధనం ట్యాంకుకు చిల్లు పడిన విమానంలోనే వచ్చాడు. తిరిగి వెళ్లలేదు. రెండు టార్పెడోలు తగిలి యార్క్‌టౌన్ ఒరిగింది. రెండు ఓడల్ని దెబ్బకొట్టామని హిర్యూలో సంబరం. కొట్టింది ఒకదాన్నే. మిగతా రెండూ చెక్కుచెదరలేదు. సాయంత్రం ఎంటర్‌ప్రైజ్ మీంచి వెళ్లిన దళంలో గూడు చెదిరిన యార్క్‌టౌన్ పైలట్లు కూడా కలిసి హిర్యూను తగలబెట్టారు.

ఆ పోరులో జపాన్ సుమారు 3 వేల మందిని, అమెరికా 300 మందికి పైగా పోగొట్టుకున్నాయి. విశాఖ మీద బాంబులేసిన ర్యూజో కూడా ఆగస్టు 24న సొలొమన్ దీవుల దగ్గర మునిగింది. దాన్ని ముంచింది సారటోగా విమానాలు.

యార్క్‌టౌన్ మాత్రం వెంటనే మునగలేదు. జూన్ 6న దాన్ని కాపాడే పని జరుగుతుండగా ఐ-168 అనే జపాన్ జలాంతర్గామి టార్పెడోలు వేసింది. పక్కనున్న హమ్మన్ అనే డిస్ట్రాయర్ నిమిషాల్లో మునిగింది. మర్నాటి ఉదయం యార్క్‌టౌన్ కూడా వెళ్లిపోయింది. 1998 మేలో రాబర్ట్ బల్లార్డ్ బృందం దాన్ని సుమారు 5 కిలోమీటర్ల లోతున కనుక్కుంది. 2025 ఏప్రిల్‌లో అమెరికా పరిశోధకులు కెమెరాలను లోపలికి పంపితే గోడ మీద సిబ్బంది గీసుకున్న పెద్ద ప్రపంచ పటం కనిపించింది, ఆ ఓడ ఎక్కడెక్కడ తిరిగిందో గీతలతో సహా. విమానాలుంచే హ్యాంగర్‌లో ఓ కారు కూడా ఉంది! 1940ల నాటి ఫోర్డ్ బండిలా ఉందన్నారు. ఓడ ఒరిగినప్పుడు బరువు తగ్గించాలని తుపాకుల్ని, విమానాల్ని సముద్రంలోకి తోసేశారు. కారును ఎందుకు వదిలేశారో మరి.