పండుగ పూట ఇంటికి రాని బిడ్డలు

పెంతెకొస్తు పండుగ గురించి పౌలు జీవితంలో రెండు వేర్వేరు నిర్ణయాలు కనిపిస్తాయి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 16వ అధ్యాయం 8, 9 వచనాల్లో, పండుగ వరకు ఎఫెసులోనే నిలిచిపోతానంటాడు. అక్కడ పనికి పెద్ద ద్వారం తెరుచుకుంది, ఎదిరించేవారూ చాలామందే ఉన్నారు. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం 16వ వచనానికి వచ్చేసరికి అదే పౌలు, ఎఫెసులో దిగితే ఆలస్యమైపోతుందని ఆ ఊరిని దాటి ఓడలో సాగిపోతున్నాడు. వీలైతే పెంతెకొస్తు నాటికి యెరూషలేములో ఉండాలని అతని ఆత్రం. ఒక ఏడు పరాయి ఊళ్లో పండుగ, మరో ఏడు తన జనం మధ్య పండుగ. సెమినరీలో ఈ రెండు వచనాలను పౌలు ప్రయాణాల కాలక్రమం తేల్చడానికే వాడేవాళ్లం. కాపరిగా ఇన్నేళ్లు గడిచాక, డిసెంబరు నెలలో ఇవి వేరే విధంగా అక్కరకు వస్తున్నాయి.

2024 అక్టోబరులో మా సంఘానికి చెందిన ఒక తల్లి ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి నిలబడింది. “అయ్యగారూ, మా అమ్మాయి క్రిస్మస్‌కి ఇంటికి వచ్చి మూడేళ్లయింది. ఈసారి సెలవు దొరికింది. దొరికితే ఇంటికి రాకుండా ఆఫ్రికా వెళ్తానంటోంది. మీ మాట వింటుంది, మీరైనా చెప్పండి” అంది. ఆ అమ్మాయి బ్రిటన్‌లో నర్సు. ఏడాదంతా దాచుకున్న సెలవులకు జీతం లేని సెలవు కలుపుకుని, సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్ రేవులో ఉన్న ఆసుపత్రి ఓడలో రెండు నెలలు పనిచేయడానికి దరఖాస్తు చేసుకుంది. జీతం లేదు సరికదా, విమానం టికెట్టు తనదే, ఓడలో తిండికీ బసకూ కట్టే డబ్బూ తనదే. తల్లికి మింగుడుపడనిది అదే. “సొంత డబ్బు పెట్టుకుని పండుగ పూట వెళ్లి పరాయివాళ్లకు చాకిరీ చేయడమేమిటి?” అని.

ఆ ఓడ గురించి పాఠకులకు కొంత చెప్పాలి. మెర్సీ షిప్స్ అనే క్రైస్తవ సంస్థను 1978లో డాన్ స్టీఫెన్స్, డెయాన్ దంపతులు ప్రారంభించారు. పాత ఇటలీ ప్రయాణికుల ఓడ ఒకటి కొని, ఆసుపత్రిగా మార్చి, దానికి అనాస్తాసిస్ అని పేరు పెట్టారు. గ్రీకులో ఆ మాటకు పునరుత్థానం అని అర్థం. తరువాత 2007 నుంచి ఆఫ్రికా మెర్సీ. అది ఒకప్పుడు డెన్మార్కులో రైలు పెట్టెలను మోసిన ఓడ. ఇప్పుడు గ్లోబల్ మెర్సీ కూడా తోడైంది. దీన్ని మొదటినుంచీ ఆసుపత్రిగానే కట్టారు. పొడవు 174 మీటర్లు, 6 ఆపరేషన్ థియేటర్లు, దాదాపు 200 పడకలు. 2023 ఆగస్టులో ఇది ఫ్రీటౌన్ చేరింది. గ్రహణం మొర్రి, ముఖం మీద ఏళ్ల తరబడి పెరిగిన కణితులు, వంకర తిరిగిన కాళ్లు, కాన్పులో గాయపడి మూత్రం ఆగక ఇంటినుంచి వెలివేతకు గురైన స్త్రీల బాధ, వీటికి అక్కడ ఉచితంగా శస్త్రచికిత్స చేస్తారు. సమయానికి క్షేమకరమైన శస్త్రచికిత్స, అదీ భరించగల ఖర్చులో, ప్రపంచంలో 500 కోట్ల మందికి అందుబాటులో లేదని 2015లో లాన్సెట్ కమిషన్ లెక్క కట్టింది. ఆ లెక్కలో ఒక్కొక్క ముఖం ఎలా ఉంటుందో ఆ ఓడ మెట్లెక్కే రోగుల వరుసను చూసినవారికే తెలుస్తుంది.

ఓడలో డాక్టర్లూ నర్సులే ఉంటారనుకోకూడదు. వంటవాళ్లు, ఎలక్ట్రీషియన్లు, ఇంజను గదిలో చెమటోడ్చేవాళ్లు, గిన్నెలు కడిగేవాళ్లు, సిబ్బంది పిల్లలకు చదువు చెప్పే టీచర్లు, అందరూ ఇలా వచ్చినవాళ్లే. ముఖ శస్త్రవైద్యుడు గ్యారీ పార్కర్ 1980లలో కొద్దికాలానికని వచ్చి మూడు దశాబ్దాలకు పైగా ఉండిపోయారు. ఓడలోనే పెళ్లి కుదిరింది, పిల్లలూ ఓడలోనే పెరిగారు. ఆయన ఎన్ని క్రిస్మస్‌లు సొంత ఊరికి దూరంగా గడిపి ఉంటారో!

ఇక ఆ తల్లి అడిగిన ప్రశ్న. దీన్ని తేలిగ్గా కొట్టిపారేసే కాపరులున్నారు. “ప్రభువు పని కదమ్మా, సంతోషంగా పంపించు” అనేస్తారు. మార్కు సువార్త 7వ అధ్యాయం చదివినవారు అలా అనలేరు. తల్లిదండ్రులకు ఇవ్వవలసినదాన్ని కొర్బాను, అంటే దేవునికి అర్పితం, అని చెప్పి తప్పించుకునేవారిని ప్రభువు ఎంత కఠినంగా గద్దించాడో అక్కడ ఉంది. పరిచర్య పేరుతో ఇంటి బాధ్యతను ఎగవేయడం ఆయన కాలంలోనూ ఉంది, మన కాలంలోనూ ఉంది. తండ్రి మంచాన పడి ఉంటే, తల్లికి ఆపరేషను తేదీ దగ్గర పడితే, అప్పులవాళ్లు గుమ్మం ముందు కూర్చుంటే, అప్పుడు ఏ ఓడా, ఏ దేశమూ ఆ బిడ్డను పిలవడం లేదనే మేము చెబుతాం. ఆ అమ్మాయి విషయంలో మేము తల్లిని అడిగింది కూడా అదే. “అమ్మా, నీకు ఇప్పుడు అమ్మాయి అవసరమా, అమ్మాయి మీద బెంగా?” ఆమె చాలాసేపు పలకలేదు. బెంగే అంది. బెంగ చిన్నదని మేము అనడం లేదు. పండుగ రోజు గుడినిండా కొత్త బట్టల్లో పిల్లలు తిరుగుతుంటే, అరిసెల డబ్బా మూత తీసే చేతులు ఇంట్లో లేకపోతే, ఆ నొప్పి తల్లికి తెలిసినంత ఎవరికి తెలుసు? కానీ అవసరానికి కట్టవలసిన బాకీ వేరు, బెంగకు ఇవ్వవలసిన ఓదార్పు వేరు. మొదటిది కట్టకుండా వెళ్తే అది కొర్బాను. రెండవదాన్ని ఫోనులోనూ ప్రార్థనలోనూ ఇచ్చి వెళ్లవచ్చు.

ఇక్కడ మన తెలుగు సంఘాలు ఒకటి గుర్తు చేసుకోవాలి. మనం ఎవరి ఖాళీ కుర్చీల వల్ల విశ్వాసులమయ్యాం? 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు పక్కన కొండెక్కి అయిదుగురు ప్రార్థన చేశారు. లైమన్ జూవెట్ దంపతులు, వారితో క్రైస్తవ నరసు, జూలియా, రూతు. వాళ్లు ఉండేది నెల్లూరులో. కొత్త సంవత్సరం వేకువన సువార్త పర్యటనలో పరాయి ఊరి కొండమీద ఉన్నారు. ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. జాన్ క్లౌ ఒంగోలు వచ్చింది 1866లో. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ప్రార్థన కొండ అని ఇప్పటికీ దాన్నే పిలుస్తాం. ఆ వేకువన జూవెట్ దొరసాని అమెరికాలోని పుట్టింటిని తలుచుకోకుండా ఉండి ఉంటుందా?

విదేశీయుల సంగతే ఎందుకు? 1905లో భారత జాతీయ మిషనెరీ సంఘం శ్రీరాంపురంలో పుట్టిన రోజు డిసెంబరు 25. వేర్వేరు ప్రాంతాల భారతీయ క్రైస్తవులు క్రిస్మస్ రోజున ఇళ్లు విడిచి బెంగాలులో సమావేశమై, మన దేశానికి మన మనుషులతో, మన డబ్బుతో సువార్త చేరాలని నిశ్చయించుకున్నారు. అందులో ముఖ్యుడైన వి.ఎస్. అజరయ్య తమిళుడు. అంతకు రెండేళ్ల ముందే, 1903లో, తిరునెల్వేలి సంఘం పుట్టుకలోనూ ఆయన చెయ్యి ఉంది. ఆ సంఘం తన పనివాళ్లను పంపింది మన డోర్నకల్ ప్రాంతానికే. భాష రాదు, నేల తెలియదు. తిరునెల్వేలి నుంచి చూస్తే తెలుగు నేల కూడా విదేశమే. అజరయ్య తరువాత తానే డోర్నకల్ వచ్చి, 1912లో బిషప్పు అయ్యారు. డోర్నకల్ గుడిలో క్రిస్మస్ ఆరాధనకు కూర్చునేవారు ఈ సంగతి పిల్లలకు చెప్పాలి.

అయితే వెళ్లిన ప్రతివాడూ మేలు చేశాడని అనుకోవడం అమాయకత్వం. సెలవుల్లో స్వచ్ఛంద సేవ అన్నది కొన్ని దేశాల్లో పెద్ద వ్యాపారమైంది. కంబోడియా అనాథాశ్రమాల్లో పెరుగుతున్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని 2011 నాటి పరిశీలనలో తేలింది. సందర్శకులు వస్తున్నారు కాబట్టి ఆశ్రమాలు పెరిగాయి, ఆశ్రమాలు నిండాలి కాబట్టి పేద ఇళ్ల పిల్లలు వాటిలోకి వెళ్లారు. 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వంపై చట్టం తెచ్చినప్పుడు, ఇలా పిల్లలను ఆశ్రమాలకు తరలించడాన్ని కూడా ఆ బానిసత్వంలో భాగంగా గుర్తించింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ కూడా అనాథాశ్రమ పర్యాటకం పిల్లలకు చేసే కీడు గురించి హెచ్చరించింది. ప్రియులారా, మన జిల్లాల్లో కూడా విదేశీ బృందం వస్తోందంటే పిల్లలకు ఇంగ్లిషు పాట బట్టీ పట్టించి వరుసలో నిలబెట్టడం చూడలేదా? పదిరోజులు ఎత్తుకుని ముద్దాడి, ఫొటోలు దిగి వెళ్లిపోయే మామలూ ఆంటీలూ ఆ పసివాళ్ల మనసులో ఏం మిగిల్చి వెళ్తారు? మా యువజనులెవరైనా అలాంటి యాత్రకు సిఫారసు లేఖ అడిగితే మేము సంతకం పెట్టడం లేదు.

అందుకే వెళ్తామనే బిడ్డలను కొన్ని అడుగుతాం. నీ చేతిలో ఉన్న పని అక్కడివాళ్లకు కొరతా, లేక అక్కడి కూలివాడు నీకంటే బాగా చేయగల పనా? గోడకు సున్నం వేయడానికి గుంటూరు నుంచి నైరోబీ వెళ్లనవసరం లేదు. నిన్ను పిలిచింది అక్కడి సంఘమా, టూరు కంపెనీయా? నువ్వు వచ్చేశాక ఆ పని ఎవరు చేస్తారు? ఈ చివరి ప్రశ్నకు ఆసుపత్రి ఓడవాళ్ల దగ్గర కొంత జవాబుంది. ఓడ ఎప్పటికీ అక్కడే ఉండదు గనుక, అక్కడి డాక్టర్లకు, నర్సులకు, మత్తు వైద్యులకు శిక్షణ ఇవ్వడం కూడా తమ పనిలో భాగం చేసుకున్నారు. రోగులను బాగుచేయడం కంటే అదే ఎక్కువ కాలం నిలుస్తుందని మా అభిప్రాయం.

వెళ్లేవాడు దాతగా వెళ్తాడా, స్నేహితుడిగా వెళ్తాడా అన్నది ఇంకొకటి. 1910లో ఎడిన్‌బరో మిషనెరీ మహాసభలో అజరయ్య ఆ దేశాల పెద్దల ముఖం మీదే, మీ త్యాగాలు చూశాం, ఇక మాకు స్నేహితులు కావాలని అడిగారు. అప్పుడు ఆ మాట కొందరికి రుచించలేదు. ఇప్పుడు పరాయి దేశం వెళ్లేది మన పిల్లలు. డాలర్లో పౌండ్లో చేతిలో ఉన్న మన పిల్లలకు అదే మాట వినిపించాలి. ఫ్రీటౌన్ సంగతే తీసుకోండి. ఆ ఊరు 1792లో కెనడాలోని నోవా స్కోషియా నుంచి ఓడల్లో వచ్చిన దాదాపు 1,200 మంది విముక్త నల్లజాతివారితో మొదలైంది. వారిలో డేవిడ్ జార్జి అనే బోధకుడు తన బాప్తిస్టు సంఘాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వర్జీనియాలో బానిసగా పుట్టినవాడు. విలియం కేరీ కలకత్తా చేరడానికి ఏడాది ముందే ఆఫ్రికా గడ్డమీద వాళ్ల ఆరాధన సాగింది. తరువాతి కాలంలో 1991 నుంచి 2002 దాకా అంతర్యుద్ధం, 2014లో ఎబోలా, ఆ దేశం వీటన్నిటినీ దాటింది. అలాంటి సంఘానికి మనం నేర్పబోయేది ఎంత, నేర్చుకోబోయేది ఎంత?

ఆ అమ్మాయి వెళ్లింది. పండుగ వారంలో ఓడలో శస్త్రచికిత్సలు తగ్గిస్తారు, అయినా వంటగదీ ఇంజను గదీ ఆగవు. క్రిస్మస్ ముందురోజు రాత్రి గది తలుపు బయట బూట్లు పెట్టుకుంటారట. తెల్లారేసరికి ఎవరో ఒకరు వాటిలో చాక్లెట్టో, చేత్తో రాసిన చీటీయో వేసిపోతారు. అది చదువుకుని ఏడ్చానని తల్లికి ఫోనులో చెప్పింది. మా గుడిలో అర్ధరాత్రి ఆరాధన మొదలైనప్పుడు అక్కడ సాయంత్రం ఆరున్నర. వరండాలో నిలబడి తల్లి ఫోను పైకెత్తి పట్టుకుంది, ఆ అమ్మాయి రాత్రి భోజనానికి ముందు మన తెలుగు పాటలు విన్నది. పరాయి దేశంలో సేవ చేసేవారికి సొంత భాషలో ఒక పాట ఎంత అక్కరో ఇంట్లో ఉన్నవారు ఊహించలేరు. సంఘాల కార్యదర్శులు ఇది గమనించాలి. పంపేటప్పుడు దండ వేసి ఫొటో తీయించడం కాదు, డిసెంబరు 24న ఫోను చేసే మనిషి ఎవరో ముందే నిర్ణయించాలి. ఇంట్లో మిగిలిన తల్లిదండ్రులను పండుగ మధ్యాహ్నం ఎవరి ఇంటికి భోజనానికి పిలవాలో కూడా.

మరో మాట. సెలవంతా సేవకే ఇచ్చి అలసిపోయి తిరిగి ఉద్యోగంలో చేరేవారున్నారు. శిష్యులను పక్కకు వచ్చి కొంచెం అలసట తీర్చుకోమన్నది ప్రభువే. వరుసగా రెండో ఏడు కూడా వెళ్తానంటే మేము ఆపుతాం.

విదేశం వెళ్లే వీలు లేనివారు మా దగ్గర ఎక్కువ. వారికి ఇంకో పని ఉంది. చలికాలంలో మన ఊళ్ల చుట్టూ ఇటుక బట్టీల్లో ఒడిశా పశ్చిమ జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు పిల్లాపాపలతో పనిచేస్తుంటాయి. హైదరాబాదు కళాశాలల్లో ఆఫ్రికా దేశాల విద్యార్థులున్నారు, డిసెంబరులో హాస్టళ్లు ఖాళీ అయినా ఇంటికి వెళ్లే ఖర్చు లేక ఉండిపోతారు. వీళ్లు కూడా ఇంటికి దూరంగా పండుగ చేసుకునేవారే. గత డిసెంబరులో మా స్త్రీల సమాజం వారు బట్టీకి వెళ్లి, కేకు కంటే ముందు అక్కడివాళ్లకు ఏం కావాలో అడిగారు. దుప్పట్లు, జ్వరం వచ్చిన ఇద్దరు పిల్లలను ఆసుపత్రికి తీసుకెళ్లే మనిషి, అన్నారు. ఆ మనిషిగా వెళ్లింది ఫ్రీటౌన్ నర్సు తల్లే.