యాత్రావిశేషములు: కొండక్రింది పాతగుళ్లు

కొండకు పోయి స్వామిని సేవించుకొని, మరునాటి రైలునకే మరలివచ్చుట మనలో పెక్కుమందికి వాడుక. మేమును చిరకాలమట్లే చేసితిమి. ఈమారు మాత్రము మా అత్తగారి కోరికపై మూడు దినములు తిరుపతిలో నిలిచి, చుట్టుపట్ల నున్న పురాతనాలయములను చూచి వచ్చితిమి.

మొదటి దినమున ఏర్పేడు మండలమందలి గుడిమల్లమునకు పోతిమి. ఊరు చిన్నది, గుడియు ఆర్భాటము లేనిది. కాని యందలి పరశురామేశ్వరలింగము క్రీస్తునకు పూర్వము రెండవ లేక ఒకటవ శతాబ్దమునాటిదని పలువురు పండితుల యభిప్రాయము. అయిదడుగుల యెత్తుగల యా లింగముమీద, యక్షుని భుజములపై నిలిచి పొట్టేలును గండ్రగొడ్డలిని ధరించిన శివమూర్తి చెక్కబడియున్నది. ఈ యాలయము 1954 నుండి కేంద్ర పురావస్తుశాఖవారి రక్షణలో నున్నది.

రెండవనాడు శ్రీకాళహస్తి. అచట శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురము బీటలువారి, 2010 మే 26వ తేదీన కూలిపోయినది. 2017లో క్రొత్తగోపురమునకు కుంభాభిషేకమైనది. అదియు చక్కగనే యున్నది. అయినను మా అత్తగారు తల యెత్తి చూచి, "పెండ్లియైన క్రొత్తలో నేను మ్రొక్కినది ఇది కాదుగదమ్మా!" అని కన్నులొత్తుకొనిరి.

మూడవనాడు నాగలాపురము. రాయలవారు తమ తల్లి నాగలాంబ పేరిట వెలయించిన యూరిది. ఇచటి వేదనారాయణస్వామి మత్స్యావతారమూర్తి. ఏటేట ఫాల్గుణమాసప్రాంతమున మూడు సాయంకాలములు సూర్యకిరణములు స్వామి పాదములు మొదలుకొని శిరస్సువరకు క్రమముగా సోకునట్లు నాటి శిల్పులు ఆలయమును నిర్మించిరి.

మరలివచ్చుచు దారిలో మరియొక చిన్నగుడికడ ఆగితిమి. గోడ అంచున తావు కనబడగా, ఆలోచింపక అచట కర్పూరము వెలిగించితిమి. వాకిలి చిమ్ముచున్న ముసలమ్మ పరుగున వచ్చి, "అమ్మణ్ణీ, ఆడ అచ్చరాలుండాయి. మసి బట్టిస్తే మల్ల యెవురు సదివేది?" అనెను. తేరిపార చూడగా నిజమే. పైభాగమంతయు సున్నము మెత్తబడియుండెను. మిగిలిన రెండు పంక్తులకు మేము మసి పూసితిమి! సిగ్గుతో తల వంచుకొంటిమి.

అప్పుడు మాకు సామవైరాణి తలంపునకు వచ్చినది. ఈ పల్లవవంశపు రాణి 966లో తిరుమలస్వామికి వెండి భోగశ్రీనివాసమూర్తిని, ఆభరణములను, భూములను సమర్పించెను. ధనుర్మాసమున తప్ప, నేటికిని ఏకాంతసేవలో ఉయ్యాలపై పవ్వళించునది ఆ మూర్తియే. ఆ దానము చేసినది ఒక స్త్రీ యని మన మెట్లెరుగుదుము? తిరుమల గుడిగోడమీద చెక్కిన యక్షరములవలననే గదా! వానికి సున్నము పూసియుండినచో, మూర్తి మిగిలెడిదేమో గాని రాణిపేరు మిగిలెడిది కాదు.

ఏ గోడమీద మన యే యవ్వపేరు దాగియున్నదో యెవరికెరుక? కనుక సోదరీమణులారా, ఇకమీదట యాత్రలకు పోవునప్పుడు దీపమును ప్రమిదలోనే వెలిగించి, గూటిలోనే ఉంచుదము. పసుపుకుంకుమలను గడపకే పెట్టుదము. వెంటవచ్చిన బిడ్డలకు ఆ రాతలను చూపుదము. ఆ ముసలమ్మ చదువుకొన్నది కాదు. అయినను ఆ పాఠము మేము ఆమెవద్దనే నేర్చితిమి.